రెండుసార్లు జరిగిన నాలుగు నిమిషాలు

సంతకం పెట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పనే సెకన్లమ్మ చేత కావడం లేదు.

"ఇక్కడమ్మా, ఇంటూ మార్కు పెట్టిన చోట," అంది ఫైళ్లు మోసే ఆవిడ, వేలితో చూపించి. "మూడింటికి విచారణ. ఆలోగా దీన్ని మూడో అంతస్తులో ఇచ్చి రావాలి. లిఫ్టు పనిచెయ్యట్లేదు, నా మోకాళ్ల సంగతి మీకు తెలియంది కాదు."

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు. జతపరచిన రికార్డులోని సమయాలు అంబులెన్సు కంట్రోల్ రూమ్ నుంచి తీసినవనీ, ఆ రోజు సర్వర్ గడియారం సరిగ్గానే నడిచిందనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను, ఇట్లు. ఇలాంటివి నెలకు రెండో మూడో వస్తాయి. సంతకం గిలికేసి టీకి పోవడమే ఇన్నాళ్లూ. ఇవాళ మాత్రం పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది, తారీఖు దగ్గర ఆగిపోయింది. మంగళవారం. సరిగ్గా పది రోజుల క్రితం.

"ఒక్క పది నిమిషాలు కూర్చోండి," అంది.

"నేను కూర్చుంటానమ్మా. మూడో అంతస్తు వాళ్లే కూర్చోనివ్వరు," అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని మోకాళ్లు చాపుకుంది.

సెకన్లమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అంబులెన్సులు పంపే సర్వర్ల బాధ్యత ఆమెది. "రెండు సెకన్లు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు" అని ఎవరైనా నోరుజారితే చాలు, ఇంతెత్తున లేచి వాళ్లకు అరగంట క్లాసు పీకుతుంది. ఆ క్లాసు ఒకటికి రెండుసార్లు విన్నవాళ్లు కడుపుమండి పెట్టిన పేరది. ఆమెకు అది కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ మంగళవారం ఆమెకు బాగా గుర్తుంది. ఆ రోజు కాపురం మార్చారు.

కాపురం అంటే ఏమిటో చెప్పాలి. ఆ భవనం నేలమాళిగలో పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. ఒక్కోదాని కడుపులో ఐదారు సర్వర్లుంటాయి. దేనికది తానొక సొంత యంత్రాన్నని నమ్ముకుని బతుకుతూ ఉంటుంది. చదువుకున్నవాళ్లు వాటిని వర్చువల్ మెషీన్లంటారు. ఇక్కడి భాషలో మాత్రం పెద్ద యంత్రం ఇల్లు, లోపల ఉండేది కాపురం. ఇంటికి మరమ్మతు వస్తే కాపురాన్ని ఆపనక్కర్లేదు. పొయ్యి మీది పాలు దించకుండానే మనుషుల్ని ఇంకో ఇంటికి చేర్చినట్టు, అది పనిచేస్తూ ఉండగానే ఇంకో యంత్రంలోకి దాటిస్తారు. ఆఖర్న ఒకటి రెండు సెకన్లు మాత్రం దాని ఊపిరి బిగపట్టించాలి. ఆ కాసేపూ దాని గడియారం కూడా ఆగుతుంది. అందుకే కొత్త ఇంట్లో కళ్లు తెరవగానే అది ముందుగా అడిగేది "ఇప్పుడు టైమెంత?" అని. ఇల్లు ఎంతంటే అంతే అనుకుంటుంది, ఎదురు ప్రశ్న వెయ్యదు.

ఇళ్ల పెత్తనం సెకన్లమ్మ బావది. స్వయానా అక్క మొగుడు. కాపురాల పెత్తనం ఈమెది. బావామరదళ్లు ఒకే ఆఫీసులో ఉంటే ఫారాలు నింపే బాధ ఉండదు, మెయిళ్లు రాసే బాధ ఉండదు, అన్నీ నోటిమాట మీదే నడిచిపోతాయి. ఆఫీసులో అందరూ వాళ్లను చూసి అసూయపడేవాళ్లు.

బావ మంచివాడు, పనిమంతుడు, కాకపోతే ఎక్కడికీ వేళకు రాడు. పెళ్లయిన కొత్తలో అక్క విసుగెత్తిపోయి ఆయన చేతి గడియారాన్ని నాలుగు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టింది. పద్నాలుగేళ్లయింది. ఆ ముల్లు వెనక్కీ రాలేదు, ఆయన ఆలస్యమూ పోలేదు. "నాలుగు నిమిషాలు చేతిలో ఉన్నాయని ఇంకో ఎనిమిది నిమిషాలు కూర్చుంటాడు" అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. ఆ ఇంట్లో ఆ గడియారం మీద పడని జోకు లేదు.

కాగితానికి జతచేసిన రికార్డు తిప్పింది. ఫోను వచ్చింది మధ్యాహ్నం ఒంటిగంటా నలభై రెండు నిమిషాల పది సెకన్లకు. అంబులెన్సును కేటాయించింది ఒంటిగంటా నలభై ఏడు నిమిషాల రెండు సెకన్లకు. నిబంధన ప్రకారం తొంభై సెకన్లు దాటకూడదు. ఇక్కడ అయిదు నిమిషాలకు ఎనిమిది సెకన్లు తక్కువ. రోగి బతకలేదు. బాధ్యురాలు, నాలుగో నంబరు కుర్చీ. నాలుగో నంబరు కుర్చీ అంటే నిదానమక్క.

ఇక కూర్చోలేకపోయింది. ఎక్కడికి వెళ్తున్నదీ తనకే తెలియకుండా లేచి మెట్లు ఎక్కేసింది.

రెండో అంతస్తు వరండాలో, కంట్రోల్ రూమ్ తలుపుకు దూరంగా, మంచినీళ్ల కూలర్ పక్క బల్ల మీద నిదానమక్క కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు. పదకొండేళ్లుగా అత్యవసర ఫోన్లు ఎత్తుతున్న మనిషి. అవతల ఎంత గగ్గోలు పెట్టినా ఈవిడ గొంతు పెరగదు, తడబడదు. "ఊపిరి తీసుకోండమ్మా, వీధి పేరు చెప్పండి" అంటే ఏడ్చేవాళ్లు కూడా ఏడుపాపి చెబుతారు. అందుకని అందరూ ముచ్చటపడి పెట్టుకున్న పేరది. ఇప్పుడు ఫిర్యాదులో కూడా అదే పేరు ఎక్కింది, పేరుకు తగ్గట్టే తీరిగ్గా పంపింది అని.

"ఏంటక్కా, మూడింటికి కదా? ఇప్పట్నుంచే వచ్చి కూర్చున్నారు?"

"ఇంట్లో కాలు నిలవట్లేదమ్మా. మా ఆయనా పిల్లా ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఇక్కడైతే ఎవరి పని వాళ్లది."

మొహం పీక్కుపోయి ఉంది. పెదాలు ఎండి పొరలు లేచాయి. సెకన్లమ్మ కూలర్ నుంచి గ్లాసు నింపి ఇవ్వబోయింది. ఆవిడ గ్లాసు వంక ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

"వద్దమ్మా. రెండ్రోజుల్నుంచి నీళ్లు గొంతు దిగట్లేదు. నోరు తడుపుకుని ఊసేస్తున్నాను."

"అసలేం జరిగిందక్కా ఆ రోజు?"

"ఫోనెత్తాను. ఎవరో ఆవిడ, మా ఆయన ఛాతీ పట్టుకుని పడిపోయాడంది. వీధి అడిగాను, ఎన్నో అంతస్తో అడిగాను, అంబులెన్సు బండి వేశాను. నాకు గుర్తున్నది అంతే. వెంటనే వేశాననే అనుకున్నాను. కానీ కాగితం మీద అయిదు నిమిషాలుంది. కాగితం అబద్ధమెందుకు చెబుతుందమ్మా? మిషనుకు నా మీద పగేముంది?"

సెకన్లమ్మ ఏదో అనబోయింది గానీ ఆవిడ ఆగలేదు. పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడనట్టుంది.

"ఆ అయిదు నిమిషాలూ ఏం చేశానా అని కూర్చున్నా లేచినా అదే ఆలోచన. మొదట్లో ఏమీ తట్టలేదు. తర్వాత తర్వాత గుర్తొచ్చింది. నీళ్లకని లేచి ఉంటాను. ఇదిగో, ఈ కూలర్ దగ్గరికే. గ్లాసు చల్లగా తగలడం కూడా గుర్తుంది నాకు. అక్కడ మనిషి ప్రాణం పోతుంటే నేనిక్కడ తీరిగ్గా నీళ్లు తాగుతున్నాను."

"ఈ మాట ఎవరితోనన్నా అన్నారా?"

"అనడమేంటి, నిన్ననే రాసిచ్చేశాను. ఇవాళ చదివి వినిపిస్తారు, నేను అవునంటాను. తీసేస్తారు. తియ్యాలి కూడా. రేపు ఇంకొకళ్లు ఫోను చేసినప్పుడు నేను మళ్లీ లేచిపోతే?"

ఆ మాట అన్నప్పుడు కూడా గొంతు నిదానంగానే ఉంది. సెకన్లమ్మ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని కిందికి దిగింది. సగం నీళ్లు మెట్ల మీదే ఒలికిపోయాయి.

ఫైళ్ల ఆవిడ కునుకు తీస్తోంది. సెకన్లమ్మ కంప్యూటరు ముందు నిలబడే వెతకడం మొదలుపెట్టింది, కూర్చునే ఓపిక లేక. ప్రతి కాపురమూ పది సెకన్లకోసారి నేను బతికే ఉన్నానంటూ ఒక ముక్క రాసుకుంటుంది. ఎవరూ చదవని రాత. ఆ మంగళవారం పేజీ, పొద్దున కాపురం మార్చిన వేళ దగ్గర తీసింది. ఉదయం పదకొండుంబావు, పదకొండు పద్దెనిమిది, పదకొండు ఇరవై. ఆ తర్వాతి ముక్క పదకొండు ఇరవై నాలుగు దగ్గరుంది. మధ్యలో ఒక్కటీ లేదు. ఇరవైనాలుగు ముక్కలు ఉండాల్సిన చోట బోడిగుండులా ఉంది.

కాపురం నాలుగు నిమిషాలు ఆగిపోయిందా? ఆగితే ఊరంతా గోలెత్తేది. ఫోన్లు మోగి మోగి చచ్చేవి. ఆగలేదు.

మధ్యాహ్నం వైపు జరిగింది. మూడు దాటాక ఆ కాపురాన్ని ఆ ఒక్కపూట ఇంట్లోంచి ఇప్పుడున్న శాశ్వతమైన ఇంటికి మార్చారు. అక్కడ మూడు గంటల ఐదు నిమిషాలు ఉంది, ఆరు ఉంది, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది తర్వాత మళ్లీ ఐదు వచ్చింది. మళ్లీ ఆరు, మళ్లీ ఏడు. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పొద్దున నాలుగు నిమిషాలు అసలు జరగనే లేదు. మధ్యాహ్నం నాలుగు నిమిషాలు రెండుసార్లు జరిగాయి.

అంటే ఆ దాదాపు నాలుగు గంటలూ సర్వర్ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. ఫోను వచ్చిన సమయం వేసేది టెలిఫోన్ పెట్టె, తన సొంత గడియారం చూసి. బండి కేటాయించిన సమయం వేసేది సర్వర్, తన గడియారం చూసి. ఒకే కాగితం మీద రెండు గడియారాలు. ఒకటి సరైనది, ఒకటి పరిగెత్తేది.

ఆ పూట వచ్చిన మిగతా ఫోన్లు తీసింది. ముప్ఫై ఏడున్నాయి. ముప్ఫై ఏడింటికీ బండి వెయ్యడానికి నాలుగున్నర నుంచి అయిదున్నర నిమిషాలు పట్టినట్టుంది. నాలుగు కుర్చీలు, నలుగురు మనుషులు, అందరిదీ అదే ఆలస్యం. దాదాపు నాలుగు గంటలపాటు నలుగురూ కూలర్ దగ్గరే కాపురమున్నారా? మిగతా ముప్ఫై ఆరు ఫోన్ల జోలికి ఎవరూ పోలేదు. వాళ్లు బతికారు, కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

యాభై రెండు సెకన్లు. నిదానమక్క బండి వేసింది యాభై రెండు సెకన్లలో.

అంతవరకూ బాగానే ఉంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది, ఆమె కుర్చీలో కూలబడింది. గడియారం తప్పితే దిద్దడానికి కాపురంలో ఒక ప్రోగ్రాము ఉండాలి. ఇంటివైపు నుంచి ఇంకోటి ఉండాలి. పోయిన నెలలో ఆ రెండూ కొట్టుకున్నాయి. అది వెనక్కి లాగితే ఇది ముందుకు తోసేది. ఆ సంగతి మాట్లాడుకున్నది ఆఫీసులో కాదు, అక్కావాళ్ల వంటగదిలో. బావ సింకు కింద దూరి కారుతున్న పైపు బిగిస్తున్నాడు, ఆమె టార్చి పట్టుకుంది. "రెండూ కలిసి ప్రాణం తీస్తున్నాయి బావా, ఒకటి ఆపేద్దాం" అంది. "ఆపేద్దాం, ఆ పానా ఇటివ్వు" అన్నాడు. అంతే. ఏది ఆపాలో అనుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె తనది ఆపేసింది, పెద్దాయనది ఉండనిద్దామని.

ఇప్పుడు కాపురం గడియారం ఎంతుందో చూసింది. సరైన సమయానికి పదకొండు సెకన్లు వెనకుంది. ఎవరూ పట్టించుకోక దాని దారిన అది పోతోంది. రెండు సెకన్లకు జనాన్ని నిలబెట్టి కడిగేసే తను, పదకొండు సెకన్ల తప్పును నెత్తిన పెట్టుకుని ఇన్నాళ్లూ తిరిగింది. ముందు ఆ ప్రోగ్రామును మళ్లీ నడిపించింది. తర్వాత పేజీలన్నీ ప్రింటు తీసుకుని నేలమాళిగకు పరిగెత్తింది.

"రా మరదలా, రా! కాఫీ అయిపోయాక గానీ రావు కదా," అన్నాడు బావ, యంత్రాల హోరు మధ్య అరుస్తూ.

"బావా, గడియారాలు దిద్దే పని మీవైపు నడుస్తోందా?"

"నావైపెందుకు నడుస్తుంది? ఒకటి ఆపేద్దామన్నావుగా. నాది ఆపేశాను. నీదుంటుంది కదా అని."

"నేను నాది ఆపేశాను. మీదుంటుంది కదా అని."

ఆయన నవ్వబోయి ఆగాడు.

"మంగళవారం పొద్దున ఆ కొత్త ఇంటికి టైము ఎలా పెట్టారు?"

"ఎలా పెడతాం? దానికి నెట్‌వర్క్ అనుమతి ఇంకా రాలేదు, టైమిచ్చే సర్వరు దాన్ని పలకరించలేదు. పాత ఇంట్లో ఫ్యాను అరిచి చస్తోంది. ఒక్కపూట సర్దుకుందామని చేత్తో పెట్టాను. ఇలా చూసుకుని..." అంటూ ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ ముళ్ల వంక చూస్తున్నాడు. పద్నాలుగేళ్లుగా చూస్తున్న ముళ్లే, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

సెకన్లమ్మ కాగితాలు ఆయన ముందు పరిచి, గబగబా మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన గడియారం పట్టీని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు.

"సంతకం పెట్టకు," అన్నాడు చివరికి. "నిర్ధారించలేకపోతున్నాను అని రాసి పంపెయ్. మన పేర్లెందుకు?"

"ఆవిడ ఒప్పేసుకుంది బావా. నేను నిర్ధారించలేనంటే ఆవిడ మాటే ఖాయమవుతుంది."

"చెయ్యంది ఎందుకు ఒప్పుకుంది?"

"మన గడియారాన్ని నమ్మి ఒప్పుకుంది! మిషనుకు నా మీద పగేముంది అంటోంది. తాగని నీళ్లు తాగానని గుర్తు తెచ్చుకుంది. అంతకంటే ఏం కావాలి మీకు?"

"అరవకు. నేను మాత్రం కావాలని చేశానా?" బావ మొహం ఎర్రబడింది. "ఇద్దరం ఒకేసారి ఇంటికి పోతాం, తెలుసా? మీ అక్కకు ఏం చెప్పను? నీ జోకు ఒక మనిషి మెడకు చుట్టుకుందని చెప్పనా?"

బావ అంటే ఆమెకు చిన్నప్పటినుంచీ ఇష్టం. ఈ ఉద్యోగానికి పరీక్ష రాసినప్పుడు పాఠాలు చెప్పింది ఆయనే.

"మీరు రాకపోయినా నేను చెబుతాను," అంది. "కాకపోతే నేనొక్కదాన్నే చెబితే, ఆవిణ్ని గట్టెక్కించడానికి లెక్కలు అల్లుకొచ్చానంటారు. ఆ ఇంటికి టైము పెట్టిన చెయ్యి మీది."

బావ వెనక్కి తిరిగి ఏదో కేబుల్ సర్దడం మొదలుపెట్టాడు. సర్దాల్సినంత అవసరం దానికేమీ లేదు. ఆమె కాసేపు చూసి మెట్లెక్కింది. ఫైళ్ల ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకుని, "ఇవాళ మీ మోకాళ్లకు సెలవు, నేనే తీసుకెళ్తాను" అంది.

మూడో అంతస్తు గదిలో పొడుగాటి బల్ల, గోడకు గడియారం, బల్ల మీద మూతపెట్టిన నీళ్ల గ్లాసు. విచారణాధికారి సన్నగా, కళ్లజోడు ముక్కు చివరకు జారిన మనిషి. పక్కన కంట్రోల్ రూమ్ సూపర్‌వైజరు. ఎదురుగా నిదానమక్క, ఒళ్లో అదే సంచి. ఆవిడ రాసిచ్చిన కాగితం అధికారి ముందు తెరిచి ఉంది.

"సంతకమేదమ్మా?" అన్నాడు అధికారి.

"పెట్టలేనండి. ఆ రోజు గడియారం సరిగ్గా లేదు."

కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి చెప్పింది. ఇల్లు, కాపురం, పదకొండు ఇరవై, జరగని నాలుగు నిమిషాలు, రెండుసార్లు జరిగిన నాలుగు నిమిషాలు, ముప్ఫై ఏడు ఫోన్లు. దిద్దే ప్రోగ్రామును ఆపింది తనేనని కూడా చెప్పింది. నిదానమక్క తల ఎత్తలేదు.

"అసలావిడే ఒప్పుకుని రాసిచ్చింది కదండీ," అన్నాడు సూపర్‌వైజరు, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అన్నట్టు. "మళ్లీ ఈ తవ్వకాలెందుకు?"

అధికారి చెయ్యెత్తి ఆపాడు. "నాకు మిషన్ల సంగతి తెలియదు. ఒకటే అడుగుతాను. నాలుగు నిమిషాలే ఎందుకు? తప్పే నడవాలనుకుంటే ఆరు నడవచ్చు, ముప్పావుగంట నడవచ్చు. మీకు కావలసినంత, సరిగ్గా కావలసినంతే ఎందుకు నడిచింది?"

మంచి ప్రశ్న. జవాబు ఆమె నాలుక చివర ఉంది. ఆ జవాబుకు ఒక పేరుంది, ఒక అక్క ఉంది, పద్నాలుగేళ్ల నవ్వులున్నాయి. నోరు తెరిచింది. మూసింది. గోడ గడియారం మూడు దాటి పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. చెప్పక తప్పదనుకుని మళ్లీ నోరు తెరిచేసరికి తలుపు తోసుకుని బావ వచ్చాడు. నేలమాళిగ నుంచి మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చిన రొప్పు.

"ఆలస్యమైందండి, క్షమించాలి," అన్నాడు. ఎవరూ కూర్చోమనకముందే ఎడమ చేతి గడియారం విప్పి, అధికారి ముందు పెట్టాడు. "దీనివల్లనండి. ఆ యంత్రానికి టైము నేనే పెట్టాను, దీన్ని చూసి. ఇది ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందుంటుంది. మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ పూట మర్చిపోయాను."

అధికారి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. చేతి గడియారం వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు, తన ఫోను తీసి అదీ చూశాడు. మూడు దాటి పదహారు, పన్నెండు, పన్నెండు. సూపర్‌వైజరు కూడా వంగి చూశాడు. అధికారి కలం తీసుకుని చాలాసేపు రాశాడు.

"మీ ఇద్దరి సంగతి వేరే చూస్తారు," అన్నాడు తలెత్తకుండానే. "తేలిగ్గా పోతుందనుకోకండి."

"అనుకోవట్లేదండి," అన్నాడు బావ. సెకన్లమ్మ కూడా తలూపింది.

అధికారి నిదానమక్క రాసిచ్చిన కాగితం మడిచి ఆవిడ వైపు జరిపాడు. "ఇది నేను తీసుకోలేనమ్మా. మీరు యాభై రెండు సెకన్లలో బండి వేశారు. అంతకంటే తొందరగా ఎవరూ వెయ్యలేరు. ఆయన దక్కకపోవడానికి కారణం మీరు కాదు."

ఆవిడ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. మెల్లగా సెకన్లమ్మ వైపు తిరిగింది.

"మరి నీళ్లు?"

"ఏ నీళ్లక్కా?"

"నేను తాగిన నీళ్లు. గ్లాసు చల్లగా తగిలిందమ్మా. నాకు బాగా గుర్తుంది."

సెకన్లమ్మ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "లేదక్కా. యాభై రెండు సెకన్లలో వీధి అడిగారు, అంతస్తు అడిగారు, బండి వేశారు. కూలర్ దాకా వెళ్లి రావడానికే రెండు నిమిషాలు పడుతుంది. మీరు కుర్చీలోంచి లేవలేదు."

"లేవలేదా?"

"లేవలేదు."

"లేవలేదు," అంది ఆవిడ తనలో తాను. ఇంకోసారి అంది. కళ్లలోంచి నీళ్లు జారి సంచి మీద పడ్డాయి. తుడుచుకోలేదు. చెయ్యి చాపి, ఎవరినీ అడక్కుండా, అధికారి కోసం పెట్టిన గ్లాసు మూత తీసింది. రెండు చేతులతో పట్టుకుని గటగటా చివరి చుక్కదాకా తాగింది. మెడ మీదికి కారిన నీళ్లు చేత్తో ఒత్తుకుంది. అప్పుడు ఫోన్లో అందరికీ తెలిసిన ఆ నిదానపు గొంతుతో, "ఇంకో గ్లాసు ఉంటుందా అండీ?" అని అడిగింది.

కూలర్ ఉన్నది కింది అంతస్తులో. సెకన్లమ్మ లేచేలోపలే బావ ఖాళీ గ్లాసు అందుకుని తలుపు దాటేశాడు. గడియారం బల్ల మీదే ఉండిపోయింది. మెట్ల మీద ఆయన పరిగెడుతున్న చప్పుడు వినిపించింది. పద్నాలుగేళ్లలో ఆయన దేనికైనా పరిగెత్తడం ఆమె వినడం అదే మొదటిసారి.